భాగోతాన్ని మ్యూజికల్ చేయబోయే బృందానికి పది చిట్కాలు

పాత యక్షగానం ఒకటి పట్టుకుని, తెల్లవార్లూ సాగే ఆటను రెండు గంటలకు కుదించి, లైట్లు పెట్టి, టికెట్లు పెట్టి, 'మ్యూజికల్' అని బ్యానరు కట్టాలన్న కోరిక నల్లగొండ, పాలమూరు కుర్రాళ్ళకు పుడుతూనే ఉంటుంది. పుట్టడంలో తప్పు లేదు. ఒపెరాలను మ్యూజికల్స్‌గా మార్చి అమెరికావాళ్ళు ఏళ్ళ తరబడి హౌస్‌ఫుల్ బోర్డులు పెట్టుకున్నారు. ఒపెరాకు మన దగ్గరున్న దగ్గరి చుట్టం యక్షగానమే. కథంతా దరువులు, ద్విపదలు, కందార్థాల్లో నడుస్తుంది. నడుమ నడుమ సంధి వచనం కాస్త ఊపిరి పీల్చుకోనిస్తుంది. సరుకు ఉంది, ఉత్సాహం ఉంది, చెప్పేవాళ్ళే లేరు. ఆ లోటు తీర్చడానికే ఈ చిట్కాలు.

వివరించడానికి వీలుగా సారంగధర కథ తీసుకుందాం. రాజరాజ నరేంద్రుడి కొడుకు సారంగధరుడు పావురాన్ని ఎగరేస్తాడు. అది పోయి సవతితల్లి చిత్రాంగి మేడ మీద వాలుతుంది. వద్దన్నా వినకుండా పిల్లవాడు లోపలికి పోతాడు. చిత్రాంగి మనసు పడుతుంది, అతను కాదంటాడు, ఆమె నింద మోపుతుంది, తండ్రి కొడుకు కాళ్ళూ చేతులూ నరికిస్తాడు. ఇక పనిలో దిగండి.

1. బృందం ఒకచోట కూర్చోకుండా జాగ్రత్తపడండి

రచయిత హైదరాబాదులో, సంగీత దర్శకుడు చెన్నైలో, డాన్సు మాస్టరు బెంగళూరులో, దర్శకుడు విమానంలో ఉంటే పని సుఖంగా సాగుతుంది. ట్యూన్లు వాట్సాప్‌లో వస్తాయి, మాటలు మెయిల్లో పోతాయి. ఎవరి భాగం వాళ్ళది, ఎవరి గొప్ప వాళ్ళది. అందరూ ఒక్కచోట చేరారంటే మాత్రం "ఈ పాట ఇక్కడెందుకు?" అని ఎవరో ఒకరు అడిగి తీరతారు. ఆ ప్రశ్న ఒక్కటి బయటపడితే చాలు, సగం పాటలు ఎగిరిపోతాయి.

పాటల రచయిత ఆస్కార్ హామర్‌స్టీన్ పడ్డ అవస్థ చూడండి. బిజే ఒపెరా 'కార్మెన్' 1875లో ప్యారిస్‌లో రంగమెక్కింది. దాన్ని ఈయన 1943లో 'కార్మెన్ జోన్స్' పేరుతో బ్రాడ్వేకు తెచ్చాడు. స్పెయిన్ సిగరెట్ ఫ్యాక్టరీ కాస్తా యుద్ధకాలపు అమెరికాలో పారాచూట్ ఫ్యాక్టరీ అయింది. ఎద్దులతో పోరాడే వీరుడు బాక్సరయ్యాడు. నటులంతా నల్లజాతివాళ్ళే. ఊరూ పేరూ వేషమూ ఇంతగా మార్చినవాడు బాణీల దగ్గరికి వచ్చేసరికి చేతులు కట్టుకున్నాడు. బిజే పెట్టిన వరుసను దాదాపు అట్లాగే ఉంచి, ఒక్కో బాణీ కథలో ఏం పని చేస్తున్నదో విని, ఆ పనికి తగ్గ మాటలు కూర్చాడు. బిజే చనిపోయాక వేరేవాళ్ళు పాటల నడుమ కలిపిన గానాన్ని పక్కన పెట్టి, మొదట ఉన్న వట్టి సంభాషణల పద్ధతికే తిరిగి పోయాడు. మన సంధి వచనం లాంటిదే అది. వాద్య సమ్మేళనాన్ని రాబర్ట్ రసెల్ బెనెట్ బ్రాడ్వే కొలతకు తిరగరాశాడు. ఆట 500 పైచిలుకు ప్రదర్శనలు ఆడింది.

ఆడితే ఆడింది. ఇంకొకరి బాణీకి లోబడి మాటలు రాసినవాడికి ఏం మిగిలింది? మన సంగీత దర్శకుడైతే సారంగధర దరువు ఒక్కటీ వినకుండానే ఆరు కొత్త పాటలు పంపగలడు. అదీ స్వయంప్రతిభ అంటే.

2. ముందు దరువు తీసేయండి, అది ఏం చేస్తుండేదో తర్వాత కూడా అడగకండి

భాగోతంలో పాత్ర వచ్చే పద్ధతి మీరు చూసే ఉంటారు. ఇద్దరు మనుషులు తెర పట్టుకుని నిలబడతారు. కింద గజ్జెల కాళ్ళు, పైన కిరీటం కొస, అంతే కనబడేది. మద్దెల ఎత్తుకుంటుంది. తెర వెనుక నుంచే పాత్ర ప్రవేశ దరువు అందుకుంటుంది: నేను ఫలానా రాజును, ఫలానా పట్నం ఏలేవాణ్ణి, ఫలానా పని మీద వస్తున్నాను. వంతపాటవాళ్ళు అదే మాట మళ్ళీ అంటారు. తెర తీసేసరికి, అందరికన్నా వెనుక కూర్చుని బీడీ ముట్టించుకుంటున్న ముసలాయనకు కూడా వచ్చినవాడెవరో, ఎట్లాంటివాడో, ఎందుకొచ్చాడో తెలిసిపోతుంది. ఆలోపు హార్మోనియం మాస్టరు నటుడి గొంతు ఇవాళ ఎంత లేస్తుందో పసిగట్టి శ్రుతి సవరించుకుంటాడు. వెనుక ఇంకో వేషగాడు భుజకీర్తులు కట్టుకుంటాడు. కునుకు తీస్తున్న పిల్లలు లేచి కూర్చుంటారు.

ఒక్క దరువు ఇన్ని పనులు చేస్తే మిగతా డిపార్టుమెంట్లకు పనేముంటుంది? దాన్ని తీసేసి, వెనకాల ఎల్‌ఈడీ తెర మీద 'సారంగధరుడు, యువరాజు' అని వేయండి. దానికి తోడు గంభీరమైన గొంతుతో వ్యాఖ్యానం చెప్పించండి.

దరువు ఉంచి తీరాలని ఎవరైనా పట్టుబడితే, చెవిలో టిక్కుటిక్కుమంటూ లయ లెక్కపెట్టే క్లిక్ ట్రాకుకు కట్టేయండి. కీబోర్డు అబ్బాయికీ దరువు చెప్పే పెద్దాయనకూ రిహార్సల్లో ఇట్లా లొల్లి జరుగుతుంది:

"తాతా, ఈ దరువు ఎన్ని బార్లు?"

"బార్లు గీర్లు నాకెర్కలేదు బిడ్డా. రాజు గద్దె కాడికి నడిచేదాంక."

"ఎంతసేపు నడుస్తడు మరి?"

"కోపం మీదుంటె జల్ది వస్తడు. కొడుకును నరుకుమని చెప్పొచ్చిన్నాడు శానసేపు వడ్తది."

పెద్దాయన చెప్పినదాంట్లో నటన ఉంది, కాలం ఉంది, తండ్రి మనసు ఉంది. సాఫ్ట్‌వేర్‌లో టైపు చేయడానికి మాత్రం ఒక్క అంకె లేదు. కాబట్టి 2 నిమిషాల 10 సెకన్లు అని మీరే తేల్చేయండి. ఆలోగా రాజు గద్దె చేరకపోతే పరుగెత్తమనండి. ముందే చేరితే నిలబడి మీసం తిప్పమనండి.

3. పాట వచ్చినప్పుడల్లా కథ ఆగిపోవాలి

పావురం ఎగిరే ఘట్టమే తీసుకోండి. పాత పద్ధతిలో పాట మొదలయ్యేటప్పుడు పిల్లవాడు ఆటలో ఉంటాడు, పాట ముగిసేటప్పటికి చిత్రాంగి గడప దాటి ఉంటాడు. ఇంకేం చేసినా వెనక్కి రాలేడు. పాటలోనే ఇంత జరిగితే ప్రేక్షకుడు ఫోను ఎప్పుడు చూసుకోవాలి? మీరు ఇరవైమందికి రెక్కలు కట్టి పావురాల డాన్సు పెట్టండి. పాట అయిపోయాక సారంగధరుడు ఎక్కడున్నవాడు అక్కడే నిలబడి, "సరే, ఇక లోపలికి వెళ్తాను" అని మామూలుగా అనాలి.

ముగింపు విషయంలో బళ్ళారి ప్లీడరు ధర్మవరం రామకృష్ణమాచార్యులు తెచ్చిపెట్టుకున్న తంటా మీకొద్దు. 19వ శతాబ్దం చివర తెలుగు నాటకంలో పాటలకు, రాగాలకు చోటిచ్చిన పెద్దల్లో ఆయనొకరు. దరువుల్లోనూ ద్విపదల్లోనూ నలిగిన ఇదే కథను రంగస్థలానికి తెచ్చి 'విషాద సారంగధర' అని పేరు పెట్టాడు. కథలోనేమో సిద్ధుడి దయవల్ల కాళ్ళూ చేతులూ తిరిగి వస్తాయి. నాటకమంటే మంగళాంతమే కావాలన్న రోజులవి. ఆయన మాత్రం పేరులో ఉన్న విషాదాన్ని చివరిదాకా నిలబెట్టాడు. మీరు మాత్రం నిర్ణయం స్పాన్సరుకు వదిలేయండి. బంగారు దుకాణమైతే కాళ్ళూ చేతులూ రావాలి, అవి లేకపోతే కడియాలు ఎక్కడ తొడుగుతారు?

'ముగింపు జొనాథన్ లార్సన్ కూడా మార్చాడు కదా' అని ఎవరైనా అనవచ్చు. నిజమే. పుచ్చీనీ 1896 నాటి 'లా బొహేమ్'లో మీమీ క్షయతో చనిపోతుంది. ఆ కథనే తీసుకుని లార్సన్ రాయగా 1996లో వచ్చిన 'రెంట్' మ్యూజికల్‌లో క్షయ స్థానంలో ఎయిడ్స్ వచ్చింది, మీమీ చావు అంచు దాకా పోయి వెనక్కి వచ్చింది. తన చుట్టూ ఉన్న న్యూయార్కు కుర్రాళ్ళు నిజంగానే ఎయిడ్స్‌తో రాలిపోతున్న రోజుల్లో బతుకు గురించి రాయాలనుకున్నవాడు చేసిన మార్పు అది. దానికోసం 1989 నుంచి రాస్తూ, కొట్టేస్తూ, మళ్ళీ రాస్తూ కూర్చున్నాడు. మన గ్రాంటు మార్చి 31తో ముగుస్తుంది.

4. వాద్యకారుడికి శాలువా, పాట మాత్రం కీబోర్డుకు

పాత పాలమూరు జిల్లా వాద్యాలకు దేశమంతా పేరొచ్చింది. 12 మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్యకు 2022లో, బుర్రవీణ వాయించే దాసరి కొండప్పకు 2024లో పద్మశ్రీ వచ్చాయి. కాబట్టి మీ పోస్టరు మీద కిన్నెర బొమ్మ తప్పకుండా ఉండాలి. కిన్నెర వాయించే మనిషి దొరికితే జ్యోతి వెలిగించడానికి పిలవండి, శాలువా కప్పండి, ముందు వరుసలో కూర్చోబెట్టండి. ఆయన వాద్యబృందం పిట్‌లో కూర్చుంటే మీ శ్రుతికి ఆయన రాడు, ఆయన శ్రుతికి మీరు పోవాల్సి వస్తుంది. కథ చెప్పే గొంతుకూ తీగకూ నడుమ ఆయనకు ఒక లెక్క ఉంటుంది. దాన్ని నేర్చుకోవాలంటే పాటల్లో సగం తిరగరాయాలి. కీబోర్డులో కిన్నెరను పోలిన చప్పుడు ఒకటి వెతికితే దొరుకుతుంది. దొరకకపోతే గిటారు చాలు.

మద్దెలాయనను మొదటి రిహార్సల్ తర్వాత సగౌరవంగా బస్సెక్కించండి.

5. దర్శకుడు నేర్పాలి, నేర్చుకోకూడదు

కన్నడ రంగస్థలం నుంచి వచ్చిన బి.వి.కారంత్ 1990లలో సురభి నాటక సమాజంవాళ్ళతో కలిసి పనిచేశాడు. 'భీష్మ', 'చండీప్రియ', బ్రెష్ట్ నాటకం నుంచి తీసుకున్న 'బస్తీ దేవత యాదమ్మ' అట్లా వచ్చినవే. నాటక సంగీతంలో అప్పటికే దిట్ట అయిన మనిషి, తాతల నాటి నుంచి పాడుతూ వస్తున్న కుటుంబాల నడుమ కూర్చుని, వాళ్ళ చేతనైనదాన్ని తన నాటకానికి పనికొచ్చేట్టు మలుచుకున్నాడు. పేరున్న దర్శకుడు ఇట్లా మెట్టు దిగవచ్చా?

మన నల్లగొండ జిల్లా సుద్దాల హనుమంతుదీ ఇదే వరస. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో జనం నోళ్ళలో ఉన్న బాణీలను, గొల్లసుద్దులు, బుర్రకథల పద్ధతులను పట్టుకుని వాటిలోకి కొత్త మాటలు ఎక్కించాడు. తర్వాత 'వీర తెలంగాణ' పేరుతో యక్షగానమే రాశాడు. పశులగాసే పిల్లవాడి మీద ఆయన రాసిన పాట 1979 నాటి 'మాభూమి' సినిమా దాకా నడిచింది. దొర మీద పోరుకు దొరలు మెచ్చే రాగం వెతకకుండా జీతగాడి నోట్లో ఉన్నదాన్నే తీసుకున్నాడు. మీరు మాత్రం ఊళ్ళకు పోకండి. యూట్యూబులో అన్నీ ఉన్నాయి.

6. ముందు సెట్టు వేయండి, తర్వాత కథ చూద్దాం

ఈ విషయంలో డిస్నీవాళ్ళు మొదట సరైన దారిలోనే పోయారు. వెర్డీ 'ఐడా' 1871లో కైరోలో మొదలైన ఒపెరా. అదే కథకు ఎల్టన్ జాన్ కొత్త సంగీతం, టిమ్ రైస్ కొత్త మాటలు ఇచ్చారు. 1998లో అట్లాంటాలో ఆడినప్పుడు కథ నడుమ యంత్రాలతో కదిలే పెద్ద పిరమిడ్ ఒకటి పెట్టారు. అది మొరాయించింది. అక్కడే దాన్ని నమ్ముకుని ఉండాల్సింది. ఆ పని చేయకుండా దర్శకుణ్ణి మార్చారు, డిజైనర్‌ను మార్చారు, రాబర్ట్ ఫాల్స్‌ను, బాబ్ క్రౌలీని తెచ్చారు, స్క్రిప్టుకు డేవిడ్ హెన్రీ హ్వాంగ్‌ను కూర్చోబెట్టారు. 1999లో షికాగోలో ప్రేమికుల సమాధి గది నటులతో సహా కిందపడింది, అదృష్టం బాగుండి పెద్ద దెబ్బలు తగల్లేదు. చివరికి 2000లో బ్రాడ్వే చేరి, సంగీతానికే కాక సెట్టుకు కూడా టోనీ అవార్డు తెచ్చుకుంది. అప్పటికి సెట్టు కథ వెంట నడవడం నేర్చుకుంది.

1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచకవధ'తో మొదలైన సురభి వాళ్ళకు మాయలు కొత్త కాదు. తాళ్ళూ కప్పీలతోనే మనుషులను గాలిలో లేపుతారు. నిన్న కృష్ణుడు వేసినవాడు ఇవాళ తాడు పట్టుకుంటాడు. ఏ పద్యంలో ఏ మాట దగ్గర లాగాలో వాడికి ఒకరు చెప్పాల్సిన పని ఉండదు. మీరు తాడు లాగేవాళ్ళను రోజు కూలికి తెచ్చుకుని కథ చెప్పకుండా ఉంచండి. పావురం ఎప్పుడు ఎగురుతుందో ఎవరికీ తెలియకపోతేనే ఉత్కంఠ.

7. రాజుకు గ్రాంథికం, నవ్వులాటకు పాలమూరు యాస

రాజు, రాణి, మంత్రి, చివరికి పావురం కూడా పుస్తకం భాషలోనే మాట్లాడాలి. మన యాస కావాలంటే హాస్యగాడు ఉండనే ఉన్నాడు. చిందు భాగోతంలో బుడ్డర్‌ఖాన్ వచ్చి రాజు పరువు, ఊరి పెద్దల పరువు ఒకేసారి తీసి, జనం చేత నవ్వించి పోతాడు. అంత పదును మనకొద్దు. "ఏందిర బై" అని రెండుసార్లు అనిపించండి, పట్నం జనం చప్పట్లు కొడతారు. నల్లగొండ నటుడికే ఆ వేషం ఇస్తే, తన మాటను తానే వెక్కిరించుకునే అవకాశం దక్కుతుంది.

8. పేర్లు, పైసల సంగతి ఆట అయ్యేదాకా ఎత్తకండి

1728లో లండన్‌లో జాన్ గే వీధి పాటల బాణీలతో 'బెగ్గర్స్ ఒపెరా' ఆడించాడు. 200 ఏళ్ళకు, 1928లో, అది బెర్లిన్‌లో 'త్రీపెన్నీ ఒపెరా' అయింది. గోడ మీద కనబడే పేర్లు బ్రెష్ట్, కుర్ట్ వైల్. ఆ ఇంగ్లీషు ఆటను జర్మనుకు తెచ్చింది ఎలిసబెత్ హాప్ట్‌మన్. పంపకంలో బ్రెష్ట్‌కు 62.5 శాతం, వైల్‌కు 25, హాప్ట్‌మన్‌కు 12.5. ఇంత స్పష్టంగా ముందే రాసుకున్నా, ఎవరు ఎంత రాశారన్న పంచాయితీ ఇప్పటికీ తెగలేదు. అసలు కాగితమే లేకపోతే పంచాయితీ ఇంకెంత రంజుగా ఉంటుందో ఆలోచించండి.

'రెంట్' సంగతీ అంతే. లార్సన్ 1996 జనవరి 25న, మొదటి ప్రివ్యూ జరగాల్సిన రోజు తెల్లవారుజామున, 35 ఏళ్ళకే పోయాడు. స్క్రిప్టును తీర్చిదిద్దడంలో అతనితో పాటు కూర్చున్న లిన్ థామ్సన్ రచనలో తనకూ వాటా ఉందని కోర్టుకెక్కింది. ఇద్దరం సహరచయితలమన్న ఉద్దేశం ఇద్దరికీ ఉన్నట్టు రుజువు కాలేదని 1998లో అప్పీలు కోర్టు కొట్టేసింది. నీతి ఏమిటంటే, ఎవరినీ ఏమీ అడగకండి, ఎవరికీ ఏమీ చెప్పకండి. దరువులు చెప్పిన పెద్దాయన పేరు పోస్టరులో ఎక్కడ వేయాలంటారా? 'మూలం: జానపదం' అని వేయండి. జానపదానికి బ్యాంకు ఖాతా ఉండదు.

9. జాతరల్లో ఆడకండి

పాలమూరులో కురుమూర్తి, నల్లగొండలో చెర్వుగట్టు, సూర్యాపేట దగ్గర పెద్దగట్టు. ఇట్లాంటి చోట జనం వేలకు వేలు వస్తారు, అదే ప్రమాదం. వాళ్ళకు కథ ముందే తెలుసు. ఏం జరుగుతుందో చూడటానికి రారు, ఎట్లా పాడతారో చూడటానికి వస్తారు. ఆట సాగదీస్తే మొహమాటం లేకుండా లేచి మిర్చి బజ్జీల బండి దగ్గరికి పోతారు. బాగుంటే "వన్స్ మోర్" అంటారు, అప్పుడు మీ క్లిక్ ట్రాకును మొదటికి తిప్పేవాడు ఉండడు. టికెట్టు కొన్నవాడే చివరిదాకా కూర్చుంటాడు. పాసు మీద వచ్చినవాడు చప్పట్లు కూడా కొడతాడు. రవీంద్రభారతి చాలు.

10. నింద ఎవరి మీదికి పోవాలో ముందే తేల్చుకోండి

మొదటి ఆట అయ్యాక బృందం కలుస్తుంది. మొదటి చిట్కా పాటించారు కనుక ఒకరినొకరు చూసుకోవడం అదే మొదటిసారి. మాటలు తేలిపోయాయని సంగీత దర్శకుడు అంటాడు, ట్యూన్లలో మాటలు పట్టలేదని రచయిత అంటాడు, సెట్టు అడ్డమొచ్చిందని డాన్సు మాస్టరు, డాన్సు వల్లే సెట్టు విరిగిందని డిజైనర్ అంటారు. నలుగురిదీ నిజమే. ఎవరి పని ఎవరి పనిలో కలవాలో ఏనాడూ కూర్చుని అనుకోలేదు కనుక, అవతలివాడి తప్పు మాత్రం ప్రతివాడికీ స్పష్టంగా కనబడుతుంది.

ఆడలేక మద్దెల ఓడు అనే వీలు మనకు లేదు, మద్దెలాయన నాలుగో చిట్కాలోనే బస్సెక్కాడు. ఇక మిగిలింది ప్రేక్షకులు. మన జనానికి మ్యూజికల్ అర్థం చేసుకునే స్థాయి ఇంకా రాలేదని ప్రెస్ నోటు ఇప్పుడే రాసి పెట్టుకోండి, తేదీ దగ్గర ఖాళీ వదిలి.